తేన్పులు నేర్పిన కొలువు

మా ఆడబిడ్డ మనవరాలు సుజాత ఈ మధ్య ఒక ఆసుపత్రిలో చేరింది. మాట రాని వాళ్లకు మాట నేర్పే విభాగంలో సహాయకురాలి పని. చేరి ఎన్నాళ్లో కాలేదు, మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చింది.

"అమ్మమ్మా, గా పని నువ్వు ఇన్నేండ్లు ఎట్ల జేసినవే? పొద్దుగాల పోయి అద్దం తుడువాలె, కుర్చీలు జరుపాలె, పోరగాండ్లు ఏడిస్తె ఎత్తుకోవాలె. గింతేనా?"

"గింతే," అన్నాను. "అన్నం తిన్నవా?"

తిన్నాక చెబుదామనుకున్నాను గాని, దాని బస్సుకు టైమైంది. అందుకని కాగితం మీద పెడుతున్నాను. దానికీ, దానిలాగా ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకూ పనికొస్తుందని. నేను చదివింది నాలుగో తరగతి. నా రాతను మా చిన్నకోడలు దిద్దింది. సంగతులు మాత్రం నావే, ఒక్కటీ మరిచిపోలేదు.

దుప్పట్ల గది

మాది చిట్కుల్. పటాన్‌చెరు దారిలో పెద్ద ఫ్యాక్టరీ, దాని వెంట టౌన్‌షిప్పు, టౌన్‌షిప్పుకు ఆసుపత్రి వచ్చాయి. మా ఆయన ఫ్యాక్టరీలో ఖలాసీ, నేను ఆసుపత్రిలో ఆయా. డెబ్బయ్యో దశకంలో, నేను కాన్పుల వార్డులో ఉండగా, వసుంధర మేడం వచ్చారు. మైసూరులో చదువుకుని వచ్చిన చిన్న వయసు మనిషి. మాటకు కూడా వైద్యం ఉంటుందని అప్పటిదాకా మాకెవరికీ తెలియదు. పెద్ద డాక్టరు గారు దుప్పట్లు పెట్టే గది ఖాళీ చేయించి ఆమెకు ఇచ్చి, ఒక ఆయాను ఎంచుకోమన్నారు. మేడం వార్డులన్నీ తిరిగి నన్ను తీసుకున్నారు. ఎందుకని చాలా రోజుల తర్వాత అడిగితే, "బాలింతలతో ముచ్చట పెడుతూనే ఉన్నావు, చేతులు మాత్రం ఆగలేదు. అది చూసి తీసుకున్నాను" అన్నారు.

ఇంట్లో మా అత్త ఈ సంగతి విని పడీ పడీ నవ్వింది. "మాటలు నేర్పే కొలువా? మా కోడలికి మాట బందు వెట్టుడు నేర్పే దవాఖాన ఏడన్న ఉంటె చెప్పుండ్రి, బండి కట్టుకోని తోల్కపోత."

పని ఇదీ: పిల్లను అద్దం ముందు కూర్చోబెట్టాలి. మన నోరెలా తిరుగుతుందో, తన నోరెలా తిరుగుతోందో పక్కపక్కన చూపించాలి. పెదవి చుట్టూ తేనె రాసి నాలుకతో అందుకోమనాలి. కొవ్వొత్తి వెలిగించి "ప" అనిపించాలి. మంట వంగితే గాలి సరిగ్గా వచ్చినట్టు, వంగకపోతే ముక్కులోంచి పోయినట్టు. ఏం చేయాలో మేడం చెబుతారు, అది పదే పదే చేయించేది మనం. విసుగు రాని వాళ్లకే ఈ పని. విసుగొచ్చినా మొహంలో కనపడనివ్వని వాళ్లు కూడా నెట్టుకురావచ్చు. నేను రెండో రకం.

మేడం దగ్గర ఒక నియమం ఉండేది. గదిలోకి రోగి ఒక్కరే రావాలి, వెంట వచ్చినవాళ్లు వరండా బెంచీ మీద కూర్చోవాలి. దానికి కారణం లేకపోలేదు. ఒక పిల్లవాణ్ని "నీ పేరేంది బిడ్డా" అని నేను అడిగితే, "యాదగిరి" అని తల్లి చెప్పేది. "పొద్దుగాల ఏం తిన్నవ్?" అంటే "రొట్టె తిన్నడు" అని మళ్లీ తల్లే. వాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసేవాడు, మేమెవరి గురించో మాట్లాడుకుంటున్నట్టు. తల్లిని బెంచీ మీద కూర్చోబెట్టాక గాని వాడు నోరు తెరవలేదు. పిల్లలకు ఆ నియమం బాగా పనిచేసింది. పెద్దవాళ్లకు సరిపోదని తెలియడానికి కోటేశ్వరరావు గారు రావలసి వచ్చింది.

క్రేను కింది గొంతు

కోటేశ్వరరావు గారిది కృష్ణా జిల్లా. ఫ్యాక్టరీ కట్టిన కొత్తలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. బరువులెత్తే క్రేను కింద నిలబడి, పైన కూర్చున్న డ్రైవరుకు "ఎత్తు, దించు, ఆపు" అని కేకేయడం ఆయన పని. అంత మోతలోనూ ఆయన కేక షెడ్డు అవతలి గేటు దాకా వినపడేదని మా ఆయన చెప్పేవాడు.

చుట్ట అలవాటు. గొంతులో పుండు లేచింది. హైదరాబాదులో ఆపరేషన్ చేసి, మాట పుట్టే గొంతుపెట్టె తీసేశారు. ప్రాణం దక్కింది. ఊపిరి కోసం మెడ ముందు చిన్న రంధ్రం ఉంచారు. గాలి ముక్కులోంచి పోదు కాబట్టి వాసనలు కూడా తెలియవు. దగ్గినా చప్పుడు లేదు. నవ్వొస్తే భుజాలు కదిలేవి, అంతే.

మా దగ్గరికి వచ్చిన రోజు మెడకు తెల్లగుడ్డ, చేతిలో పిల్లల పలక. ఏదడిగినా ముత్యాల్లాంటి అక్షరాలతో పలక మీద రాసేవారు. చిక్కేమిటంటే ఆయన భార్య అన్నపూర్ణమ్మకు చదువు రాదు. ఇంట్లో ఆయన రాసింది పక్క క్వార్టరు టీచరమ్మ వచ్చి చదివి చెప్పాలి. కూరలో ఉప్పు తగ్గిందనడానికి కూడా టీచరమ్మ బడి నుంచి రావాలి.

క్రేను కిందికి ఆయన్ను ఇక పంపరని తేలిపోయింది. అది న్యాయమే. కేక వేయలేని మనిషి అక్కడుంటే ఎవరి నెత్తినో బరువు పడుతుంది. పనిముట్లు ఇచ్చే టూల్ రూంలో ఒక చోటు ఖాళీగా ఉంది. అక్కడి ఆఫీసరు ఒకటే అన్నారు: "కిటికీ దగ్గర జనం నిలబడి ఉంటే పలక మీద రాసుకుంటూ కూర్చుంటే కుదరదు. నోటితో జవాబు చెప్పగలిగితే తీసుకుంటాను. దసరా వెళ్లాక చూస్తాను." అప్పటికీ మాట రాకపోతే పనికిరాడని ఇంటికి పంపేస్తారు. క్వార్టరు ఖాళీ చేయాలి. సొంతూళ్లో ఉన్నది ఒక్క గది, అందులో తమ్ముడి కుటుంబం కాపురం. అన్నపూర్ణమ్మ బెంచీ మీద కూర్చుని వచ్చేపోయే ఆయాలందరినీ అడిగేది: "మాట వస్తుందంటారా అండీ?"

పెద్ద డాక్టరు గారికైతే నమ్మకం లేదు. "పెట్టే తీసేశాక మాటెక్కడిదమ్మా వసుంధరా? కాళ్లు లేనివాడికి పరుగు నేర్పుతానంటున్నావు" అన్నారు. ఆయన చెడ్డవారు కాదు. కోత, కుట్టు బాగా తెలిసిన మనిషి. కంటికి కనపడని పని ఆయన లెక్కలో పని కాదు. ఇలాంటి పెద్దలు మీకూ తగులుతారు. వాదించకండి. గది పోకుండా చూసుకోండి, చాలు.

మొదటి పాఠం

గొంతుపెట్టె లేకుండా మాట ఎలాగంటే, మేడం నాకు ఇలా చెప్పారు. గాలిని నోట్లోకి తీసుకుని, అన్నం దిగే గొట్టంలోకి నెట్టి, తేన్పులాగా వెనక్కి తేవాలి. ఆ చప్పుడును పెదవులతో, నాలుకతో మాటగా మలచాలి. ప, త, ట, క అనేటప్పుడు నోరు గట్టిగా నొక్కుకుంటుంది కాబట్టి గాలి దానంతటదే లోపలికి పోతుంది. అవి సులువు. మిగతావి తర్వాత.

అంటే మొదటి పాఠం తేన్చడం.

కోటేశ్వరరావు గారు పరువైన మనిషి. "ఇద్దరు ఆడవాళ్ల ముందు బాగుండదు" అని రాసి పలక మా వైపు తిప్పారు.

నేను ముందు ఒకటి తేన్చి చూపించాను. "మా దిక్కు పెండ్లి బువ్వ తిన్నంక గిట్ల తేన్చకపోతె, వంట మంచిగ లేదని పెండ్లోల్లు అలుగుతరు సారూ."

మేడం కూడా ప్రయత్నించారు. పిల్లి తుమ్మినట్టు సన్నగా వచ్చింది.

"మైసూరుల గింతే నేర్పిండ్రా మేడం?"

కోటేశ్వరరావు గారి భుజాలు కదిలాయి. తర్వాత గోడ వైపు తిరిగి ఆయన కూడా ఒకటి తేన్చారు. మంచి తేన్పు, షెడ్డులో పనిచేసిన మనిషి తేన్పు. మేడం చప్పట్లు కొట్టారు.

మొదట్లో బాగా సాగింది. తేన్పు మీద "ప" కూర్చుంది. ఒకరోజు "పప్పు" సగం వచ్చింది. "ఇంట్లో కూడా చేస్తూ ఉండండి. ఎన్ని వస్తే అంత మంచిది" అని మేడం పంపించారు.

ఆ తర్వాత ఏమైందో గాని, తేన్పులు తగ్గుతూ వచ్చాయి. మెడ నరాలు లేచేలా గాలి మింగినా పైకి రాదు. మేడం ఆయన్ను కూర్చోబెట్టే తీరు మార్చారు, పుస్తకాలు మళ్లీ తిరగేశారు. కుట్టు దగ్గర బిగుసుకుందేమోనని హైదరాబాదు పంపారు. అక్కడ అంతా బాగానే ఉందన్నారు. గునుగు పూలు అమ్మకానికి వచ్చే రోజులయ్యాయి, అంటే దసరా దగ్గరపడింది.

ఒక పొద్దున ఆయన చాలాసేపు పలక మీద రాసి మేడం చేతికిచ్చారు. "నా వల్ల కాదమ్మా. ఈ టైము ఎవరైనా పిల్లవాడికి ఇవ్వండి." మేడం చదివి కిటికీ వైపు తిరిగారు. నేను ఆరేసిన గుడ్డలు తెస్తానని బయటికి వచ్చేశాను. అలాంటప్పుడు గదిలో మనిషి తక్కువైతేనే మంచిది.

వాము మజ్జిగ

వరండాలో అన్నపూర్ణమ్మ నా కోసమే చూస్తోంది. చేతిలో టిఫిను డబ్బా.

"సున్నుండలండీ మణెమ్మగారూ. మేడంగారికి ఇవ్వాలి. మీ వైద్యం ఎంత బాగా పనిచేసిందో."

నాకు అర్థం కాలేదు. "ఏం పనిచేసిందమ్మా?"

"మొదట్లో ఇంటికొస్తే చాలు, ఒకటే తేన్పులండీ. తలుపేసుకుని మరీ తేన్చేవారు. ఆపరేషనైన మనిషి, కడుపు పూర్తిగా చెడిపోయిందనుకున్నాను. వాము వేయించి పొడి కొట్టి, ఇంగువ కలిపి, పూటపూటా మజ్జిగలో ఇచ్చానండీ. మీ మందూ నా వామూ కలిసి, ఇప్పుడు చూడండి, ఒక్క తేన్పు ఉంటే ఒట్టు."

నేను ఆ డబ్బా తీసుకుని బెంచీ మీద పెట్టాను.

"అమ్మా, మేం ఎత్తుతుంటె మీరు దించుతున్నరమ్మా."

"ఏం దించానండీ?"

చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లాను. మేడం తలెత్తి, "మణెమ్మా, లోపలికి రోగి ఒక్కరే..." అన్నారు.

"నియమం తర్వాత చెప్తురు గని మేడం, ముందుగాల ఈ అమ్మ చెప్పేది ఇనుండ్రి."

అన్నపూర్ణమ్మ వాము సంగతి మళ్లీ మొదటి నుంచి చెప్పింది, కొలతలతో సహా. మేడం వింటూ వింటూ చేతిలో పుస్తకం మూసేశారు. తర్వాత కోటేశ్వరరావు గారి వైపు తిరిగి మెల్లగా అడిగారు. "తేన్పులు మేమే నేర్పిస్తున్నామని ఇంట్లో చెప్పలేదా?"

ఆయన పలక తీసుకుని రాశారు. అన్నపూర్ణమ్మ కోసం నేను పైకి చదివాను. "పలక చదివేది టీచరమ్మ. తేన్పుల సంగతి పరాయి ఆడమనిషి చేత చదివించనా?"

అన్నపూర్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అయ్యో నా మతి మండా. ఈ పొద్దున కూడా ఇచ్చానండీ, చెంబెడు."

ముందు మేడం నవ్వారు. తర్వాత నేను. ఆయన భుజాలు ఎంతసేపు కదిలాయంటే మెడకున్న తెల్లగుడ్డ జారిపోయింది.

నిజం చెప్పాలంటే వాము ఎంత చేసిందో, మొహమాటం ఎంత చేసిందో దేవుడికే తెలియాలి. తేన్పు వచ్చినప్పుడల్లా పెళ్లాం గ్లాసు పట్టుకుని పరిగెత్తుకొస్తే ఏ మగాడైనా ఆపుకోవడం నేర్చుకుంటాడు. మేం గదిలో నేర్పింది ఒకటైతే, ఇంట్లో అలవాటైంది మరొకటి. మందుల మనిషికీ వంటింటి మనిషికీ మధ్య ఒక గోడ, గోడ బయట ఒక బెంచీ. తప్పు అక్కడుంది. మేడం దాన్ని దాచలేదు, పెద్ద డాక్టరు గారి దగ్గరికి వెళ్లి తానే చెప్పారు. ఆ పూటే నేను వరండా నుంచి ఒక కుర్చీ గదిలోకి జరిపాను. నేను ఉద్యోగం మానేదాకా అది అక్కడే ఉంది. సుజాతా, కుర్చీలు జరపడం తప్ప ఏముందన్నావు కదా. ఏ కుర్చీ ఎక్కడికి జరపాలో తెలియడానికి మాకు ఒక వానాకాలం పట్టింది.

గోళీ సోడా

ఆ రోజు నుంచి అన్నపూర్ణమ్మ లోపలే కూర్చుంది. మేడం చెప్పేది కన్నార్పకుండా చూసి, ఇంటికెళ్లి అదే చేయించేది. వాము డబ్బా పక్కింటికి వెళ్లిపోయింది. పటాన్‌చెరు బస్టాండు సోడా బండి నుంచి గోళీ సోడాలు ఇంట్లోకి వచ్చాయి. సోడా తాగితే తేన్పు రాక చస్తుందా?

పలక అటకెక్కింది. అన్నం దగ్గర ఏం కావాలో నోటితో చెబితేనే వడ్డన. పప్పు, పెరుగు, కూర, కారప్పొడి, టీ. వంకాయ తినాలని ఉన్నా పాపం, "వ" ఇంకా రాక పప్పుతోనే సరిపెట్టుకున్నారు.

"నిన్న పెసరట్టన్నారండీ," అని అన్నపూర్ణమ్మ ఒకరోజు మేడంకు చెప్పింది. "వినపడలేదన్నాను. మళ్లీ అన్నారు. మొదటిసారే వినపడిందనుకోండి."

మాట వచ్చింది గాని గొంతు చిన్నది. ఎండుటాకులు నేల మీద రాసుకున్నట్టు ఉండేది. మా గదిలో వినపడుతుంది. టూల్ రూం మోతలో? మేడంకు అదే దిగులు. అక్కడ ఎక్కువగా ఏమడుగుతారో మా ఆయన్ను కనుక్కోమన్నారు. స్పానర్లు, డ్రిల్ బిట్లు, వాటి సైజులు అన్నాడు. పది, పన్నెండు, పదిహేడు, పంతొమ్మిది. మేడం మొహం విప్పారింది. అన్నీ "ప"లే.

ఒక సాయంత్రం మా ఆయన డ్యూటీ దిగి వచ్చి మా గది కిటికీ బయట నిలబడ్డాడు, లోపల కోటేశ్వరరావు గారు. నేను గరిటెతో స్టీలు ట్రే మీద బాదడం మొదలుపెట్టాను, అదే ఫ్యాక్టరీ మోత.

"అన్నా, స్పానర్ గావాలె."

"పన్నెండా?"

"గాదే. ఇంకా పెద్దది."

"పదిహేడు?"

"ఆఁ, గదియ్యి. జల్ది ఇయ్యి, మా మేస్త్రి తిడ్తుండు."

"తిట్టనీ."

అది మేం నేర్పిన మాట కాదు. ఆయనంతట ఆయనే అన్నది. నా చేతిలో గరిటె ఆగింది. చూస్తే గుమ్మంలో పెద్ద డాక్టరు గారు. ఆ మోతేమిటో చూద్దామని వచ్చినట్టున్నారు. కాసేపు నిలబడి, తలుపు ఒకసారి ఊపి చూసి వెళ్లిపోయారు. మర్నాడు మా గది తలుపుకు ఎన్నాళ్లుగానో ఊడిపోయి ఉన్న గొళ్లెం బిగించడానికి మనిషిని పంపారు. ఆయన మెచ్చుకోలు అలా ఉండేది.

కిటికీ దగ్గర

దసరా వెళ్లింది. చెప్పిన రోజున కోటేశ్వరరావు గారిని తీసుకుని మేడం ఫ్యాక్టరీ లోపలికి వెళ్లారు. నేనూ అన్నపూర్ణమ్మా గేటు బయట టైమాఫీసు ముందు కూర్చున్నాం.

"మళ్లీ బెంచీయేనండీ నాకు," అంది ఆమె.

"ఇయ్యాల నేను గూడ ఉన్న గద."

"ఊరికి పోవాల్సొస్తే ఏమేం సర్దాలో రాత్రే అనుకున్నానండీ. సోడా సీసాలు తిరిగిచ్చెయ్యాలి, అవి బండి వాడివి."

లోపల జరిగింది మా ఆయన చూసి చెప్పాడు. టూల్ రూంలో ఆఫీసరు దూరంగా నిలబడ్డారు. పక్కన గ్రైండింగ్ మిషను అరుస్తోంది. ఆఫీసరు ఒక కుర్ర వర్కరును కిటికీ దగ్గరికి పంపారు.

"అన్నా, డ్రిల్ బిట్టు."

"పదా? పన్నెండా?"

కుర్రవాడు చెవి కిటికీకి ఆనించాడు. "పన్నెండు." బిట్టు చేతికొచ్చింది.

"వినపడిందా నీకు?" అని ఆఫీసరు వెనక నుంచి కేకేశారు.

"నాకు వినవడ్డది సార్. మీరు జెర దగ్గరికొస్తె మీగ్గూడ వినవడ్తది."

ఆఫీసరు దగ్గరికి వచ్చి, "మీ పేరేమిటి?" అని అడిగారు. కోటేశ్వరరావు గారు మధ్యలో రెండుసార్లు గాలి తీసుకుని తన పేరు పూర్తిగా చెప్పారట. ఆఫీసరు తల ఊపి మేడంతో అన్నారు: "సోమవారం నుంచి రమ్మనండి."

"ఆయనకే చెప్పండి సార్. ఆయన జవాబిస్తారు," అన్నారు మేడం.

ఇదంతా మాకు అప్పటికి తెలియదు. గేటు తెరుచుకుని ఆయన రావడం ఒక్కటే చూశాం. మొహంలో ఏమీ తెలియనివ్వడం లేదు. వెనకాల మేడం కావాలనే దూరంగా ఆగిపోయారు. అన్నపూర్ణమ్మ లేచి నిలబడింది. అడగలేక అడగలేక, "ఏవండీ?" అంది.

ఆయన పెదవులు బిగించి గాలి తీసుకున్నారు.

"పద."

"ఎక్కడికండీ? ఊరికా?"

మళ్లీ గాలి తీసుకున్నారు. ఈసారి కాస్త ఎక్కువసేపు పట్టింది.

"క్వార్టరుకి."

అన్నపూర్ణమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. తుడుచుకుని ఆయన పక్కన నడవడం మొదలుపెట్టింది. నాలుగడుగులు వేశారో లేదో ఆయన ఇంకేదో అన్నారు, నాకు వినపడలేదు. ఆమె గొంతు మాత్రం వినపడింది.

"ఇప్పుడు పెసరట్టంటే ఎలాగండీ? పెసలు నానబెట్టొద్దూ? ఆ మాటేదో పొద్దున్నే చెప్పాల్సింది."

వెనక నుంచి చూస్తే ఆయన భుజాలు కదులుతున్నాయి.